తండ్రి చేప చేయు పని

వరంగల్లునుండి ఈశాన్యముగా ములుగు మీదుగా ఏటూరునాగారపు అడవులలోనికి సాగు బాటకు ఇరుప్రక్కలను కాకతీయుల కాలపు చెరువులు పెక్కు కలవు. వానిలో, 1213వ సంవత్సర ప్రాంతమున గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు దేవాలయముతోపాటు నిర్మింపజేసిన రామప్ప చెరువును గాని, కొండల నడుమ ఒదిగియున్న లక్నవరమును గాని చూడక మరలిపోవు యాత్రికుడు అరుదు. అయితే యాత్రికుడు చూచునది కట్టను, కట్టకు ఆనుకొనిన లోతునీటిని, ఆ నీట ప్రతిఫలించు కొండలను మాత్రమే. చెరువునకు ఎగువ అంచున, వేసవియంతయు ఎండి బీటలువారి, వానలు పడినంతనే మోకాలిలోతు నీట మునిగి, గడ్డియు తుంగయు మొలిచి, పశువుల గిట్టల గుంటలతో నిండియుండు శిఖము నేలవంక ఎవడును కన్నెత్తి చూడడు. చేపల జన్మవృత్తాంతము తెలియగోరువాడు మాత్రము కట్టను విడిచి ఆ శిఖమునకే పోవలసియుండును. పైరుకొరకు త్రవ్వించిన చెరువులే యైనను, ఎనిమిదివందల ఏండ్లుగా వాని పలుచని నీటి అంచులే చేపల గ్రుడ్లకు ఆశ్రయమిచ్చుచున్నవి.

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినుట తెలంగాణమున ఆబాలగోపాలము పాటించు ఆచారము. జూన్ మాసపు తొలి పక్షమున వచ్చు ఆ కార్తెనాటికి మన మంచినీటి చేపలలో పెక్కింటి కడుపున గ్రుడ్లు పరిపక్వమై, వాన చినుకుకొరకు ఎదురుచూచుచుండును. కావున, ఆచారమును తప్పుపట్టు ఉద్దేశము నాకు ఏమాత్రమును లేకపోయినను, సంవత్సరమున చేపను ముట్టక విడువదగిన దినములు ఏవియో, తినుటకు మనము అవే ఎన్నుకొంటిమని చెప్పక తప్పదు. ఆర్ద్ర, పునర్వసు కార్తెలలో వాగులు పారి, చెరువులు నిండి, మత్తడి దుమికిన వెనుక, ప్రవాహమునకు ఎదురెక్కి వరిమడులలోనికిని శిఖము గుంటలలోనికిని చేరు చేపలలో మీసములు గల జాతి ఒకటి కలదు. బురదలో పొర్లు మార్పు, ముల్లు గ్రుచ్చి మంటపుట్టించు ఇంగిలాయి, వెండిచాయ జెల్ల, తోటిచేపలను మ్రింగి బలియు వాలుగ – ఇవన్నియు ఆ కుటుంబములోనివే. ఈ అధ్యాయమున వీని గ్రుడ్లను గూర్చియు, ఆ గ్రుడ్లను ఇంటి గాజుతొట్టిలో పొదిగించు విధమును గూర్చియు ముచ్చటింపదలచితిని.

ప్రపంచమున మీసాల చేపలు 3,000 జాతులకు పైబడి కలవు. వీనికి పొలుసులు లేవు. కొన్నిటికి అస్థిఫలకములు కవచమువలె అమరియుండును గాని సామాన్యమైన పొలుసు ఏ జాతికిని లేదు. నోటి చుట్టును ఉండు మీసములే గాక శరీరమంతటను రుచిని గ్రహించు మొగ్గలు వ్యాపించియుండుటచే, బురదనీట కన్ను పనికిరాని చోటనుగూడ ఇవి ఆహారమును వెదకుకొనగలవు. మార్పునకు మొప్పల పైభాగమున కొమ్మలు వేసిన చిన్న చెట్టును పోలిన శ్వాసాంగమొకటి కలదు. ఇంగిలాయికి మొప్పలనుండి తోకవైపు కండరముల నడుమ సాగిన రెండు గాలితిత్తులు కలవు. ఈ సాధనముల బలముననే అవి నీటిపైకి వచ్చి గాలి గ్రుక్కెడు మ్రింగి, ప్రాణవాయువు అడుగంటిన కుంటలోను, చెమ్మయారని బురదలోను దినములు వెళ్లబుచ్చును. సంతలో గంపనుండి జారి నేలపై ప్రాకిపోవు మార్పును చూచినవారికి ఈ సంగతి క్రొత్తగా చెప్పనక్కరలేదు.

అయితే ఇచ్చటనే ఒక చిక్కు కలదు. గాలి పీల్చు చేపకు పుట్టిన గ్రుడ్డు గాలి పీల్చలేదు. తల్లిదండ్రులు ఎంత మురికినీటిలోనైనను బ్రతుకగలిగినను, వాని గ్రుడ్డు మాత్రము నీటిలో కరగిన ప్రాణవాయువు మీదనే ఆధారపడి, ఒకచోట అంటుకొని, కదలలేక యుండును. మార్పు గ్రుడ్లు పెట్టు చోటు చూడగా అది ప్రాణవాయువునకు అనుకూలమైనదిగా కనబడదు: గట్టుప్రక్క పలుచని నీటిలో, గడ్డిమొదళ్ల నడుమ, జంట చేసికొనిన గుంట, అందు వేలకొలది గ్రుడ్లు, గోధుమవన్నెతో, జిగురుతో ఒకదానినొకటి అంటుకొని యుండును. ఆషాఢశ్రావణముల ఉక్కలో ఆ నీరు 28, 30 డిగ్రీల వేడి కలిగియుండును. 20 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 30 డిగ్రీల నీటిలో అది ఏడున్నరకు మించదు. వేడి హెచ్చినకొలది నీటిలోని ప్రాణవాయువు తగ్గుచుండగా పిండము కోరు ప్రాణవాయువు మాత్రము పెరుగుచుండును. అంతే గాక, నిశ్చలమైన నీటిలో ప్రాణవాయువు తనంతట తాను ఒకచోటినుండి మరియొకచోటికి వ్యాపించుట గాలిలోకంటె ఇంచుమించు పదివేల రెట్లు మందము. గ్రుడ్డు తన చుట్టునున్న పలుచని నీటిపొరలోని ప్రాణవాయువును పీల్చివేసిన పిమ్మట, ఆ పొర కదలనిచో, మంచినీటి నడుమనే ఊపిరాడక చచ్చును.

ఆ నీటిపొరను కదల్చుటయే తండ్రి చేప చేయు పని. గ్రుడ్లు పెట్టిన తరువాత ఆడ మార్పునకు వానితో నిమిత్తము లేదు. మగ చేప గుంటను అంటిపెట్టుకొని, ఉక్కపోతవేళ పసిబిడ్డకు విసనకర్రతో విసరినట్లు, రెక్కలతోను తోకతోను నీటిని గ్రుడ్లమీదికి తోలుచు, సమీపించిన ప్రాణిని తరుముచు, ఒక దినమో అంతకు కొంచెము మించియో కావలి కాయును. చూచువారికి అది కేవలము కాపలాగా కనబడును గాని, శత్రువును తరుముట అందు సగపాలు మాత్రమే. నీరు మార్చుట మిగిలిన సగము. తండ్రిని పట్టి కూరవండుకొనినచో, ఏ శత్రువును దరిజేరకపోయినను, ఆ గ్రుడ్లలో బ్రతుకునవి స్వల్పము.

మీసాల చేపలలో తండ్రి కావలి కాయుట మానవునికి తెలిసి రెండువేల మూడువందల ఏండ్లు దాటినది. గ్రీసుదేశమందలి ఒక నదిలో మగ చేప గ్రుడ్లను నలువది ఏబది దినములు కనిపెట్టుకొని, దరిజేరు చిన్నచేపలపైకి దుముకుచు శబ్దము చేయుచు వానిని పారద్రోలునని అరిస్టాటిల్ తన జంతుచరిత్రలో వ్రాసెను. మధ్య ఐరోపా నదులలోని పెద్ద మీసాల చేప నడవడితో ఆ మాట సరిపడకుండుటచే పలువురు దానిని కట్టుకథగా త్రోసివేసిరి. పందొమ్మిదవ శతాబ్దమున లూయీ అగాసీ ఆ గ్రీకునది చేపలనే తెప్పించి చూచి, తత్త్వవేత్త వర్ణించినది వేరొక జాతియని కనుగొనెను. 1890లో ఆ జాతికి అరిస్టాటిల్ పేరే పెట్టబడినది. వేలయేండ్లనాటి పరిశీలకుని మాటను చూడకయే కొట్టివేసిన పండితులు ఈ ఉదంతమును గుర్తుంచుకొనిన బాగుండెడిది.

మన విశాఖ, కాకినాడ తీరములలో దొరకు సముద్రపు జెల్లల తండ్రి మరింత కఠినమైన వ్రతము పట్టును. పది పదునైదు మిల్లీమీటర్ల అడ్డుకొలత గల పెద్ద గ్రుడ్లను నోటనిడుకొని, అవి పొదిగి పిల్లలు పెరుగువరకు, వారములకొలది ఉపవాసముండును. అందులకు పూర్తిగా విరుద్ధమైన స్వభావము గల మీసాల చేప యొకటి ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సున కలదు: నోట గ్రుడ్లు దాచుకొను వేరొక జాతి చేప గ్రుడ్లు పెట్టు సమయము కనిపెట్టి, తన గ్రుడ్లను వానిలో కలిపి, కోకిల కాకిగూటిలో పిల్లలను పెంచుకొనినట్లు, పరాయితల్లి నోట తన సంతానమును పెంచుకొనును, తొందరగా పొదిగిన ఆ పిల్లలు ఆశ్రయమిచ్చిన తల్లి పిల్లలనే తినును. ఒక్క గణమున త్యాగమును వంచనయు ఇంత సమీపమున నివసించుట ప్రకృతి విచిత్రము.

ఇక గాజుతొట్టి సంగతికి వచ్చెదము. ఇంటిలో చేపలను గాజుపాత్రలలో పెంచు వేడుక ఐరోపాలో 1850 తరువాత ప్రబలినది. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు చేపల గృహము తెరువబడినది, మరుసటి సంవత్సరమున ఫిలిప్ గాస్ అను ప్రకృతిశాస్త్రవేత్త గ్రంథముతో అక్వేరియమన్న మాట లోకమునకు పరిచితమైనది. నేడు హనుమకొండలోనో వరంగల్లులోనో అక్వేరియం దుకాణమునకు పోయి మీసాల చేపను కోరిన పాఠకునికి మార్పును చూపు దుకాణదారు అరుదు. చూపునది దక్షిణ అమెరికానుండి వచ్చిన వంశముల సంతతియగు కోరిడోరాస్‌ను గాని, బ్రిసిల్‌నోస్ ప్లెకోను గాని, సక్కర్ చేపను గాని. ఇది చూచి దేశాభిమానముతో మార్పునే తొట్టిలో పెంచి గ్రుడ్లు పెట్టించెదనని పట్టుబట్టువానికి నేను చెప్పవలసిన మాట ఒకటి కలదు.

తొట్టిలో నిలిపిన మార్పు సామాన్యముగ తనంతట తాను గ్రుడ్లు పెట్టదు. చేప తలలోని పీయూషగ్రంథియే వాన సంకేతమునందుకొని గ్రుడ్లను విడుదలచేయించు అధికారి. వాన, వరద, క్రొత్తనీటి చల్లదనము లేనిచోట ఆ గ్రంథి మౌనము వహించును. వేరొక చేప పీయూషగ్రంథిని నూరి ఆ రసమును సూదితో ఎక్కించినచో వాన లేకయే చేప గ్రుడ్లు విడుచునని 1930 ప్రాంతముల అర్జెంటీనాలో హుసే, బ్రెజిల్‌లో ఫాన్ ఇహేరింగ్ మొదలగువారు చూపిరి. మన దేశమున ఈ ప్రయోగచరిత్రలో మీసాల చేపకు దక్కవలసిన గౌరవము సరిగా దక్కలేదని నా యభిప్రాయము. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి కార్పు చేపలచేత ఈ పద్ధతిని గ్రుడ్లు పెట్టించిన దినమును మనము మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నాము, అది ఉచితమే. అయితే అంతకు పూర్వమే, 1956లో, రామస్వామి, సుందరరాజ్ అను శాస్త్రజ్ఞులు ఇంగిలాయి చేత ఇదేవిధముగా గ్రుడ్లు పెట్టించి ఆ సంగతి ప్రకటించి యుండిరి. మన మడులలోని ఆ విషపుముల్లు చేప పేరు ఆ ఉత్సవమున ఎవరి నోటను వినబడదు.

మార్పు విషయమున మరియొక అడ్డంకి కలదు. సూదిమందెక్కించిన ఆడచేప పొట్ట నెమ్మదిగా ఒత్తినచో గ్రుడ్లు వచ్చును గాని, మగచేపను ఎంత ఒత్తినను బీజము రాదు. హేచరీలలో దానిని కోసి, వృషణములను ఉప్పునీటిలో నూరి, ఆ రసమును గ్రుడ్లపై చల్లుదురు. ఏ తండ్రి కావలిగుణమును మెచ్చుకొని ఈ అధ్యాయము వ్రాయుచున్నానో ఆ తండ్రిని చంపక గ్రుడ్డు ఫలదీకరణము చెందదు. చేపల ఉత్పత్తియే ధ్యేయమైన హేచరీకి అది సమ్మతము కావచ్చును గాని, ఇంటివేడుకకు తగదు. కావున గృహస్థునికి కోరిడోరాస్ గాని బ్రిసిల్‌నోస్ గాని ఉత్తమము. వీనిచేత గ్రుడ్లు పెట్టించుటకు సూదియు కత్తియు అక్కరలేదు, వాన చాలును.

వాన యనగా నిజమైన వానయే కానక్కరలేదు. పుష్టిగా మేపిన కోరిడోరాస్ గుంపునకు, తొట్టిలోని నీటిలో మూడవవంతు తీసివేసి, దానికంటె మూడు నాలుగు డిగ్రీలు చల్లనైన మెత్తని నీటిని పోసినచో, తమ నదులలో వరద వచ్చినదని భ్రమించి, తరచుగా మరునాటికే గ్రుడ్లకు ఉద్యుక్తములగును. తొలకరి దినములలో ఇంటి డాబాపై పట్టిన వాననీరు ఇందులకు మిక్కిలి అనువైనది. మన బోరునీళ్లు సాధారణముగ కఠినజలములు కావున వానిలో ఈ వాననీరు కలిపినచో రెండువిధముల ప్రయోజనము. వాయుపీడనము తగ్గి ముసురు పట్టిన దినములలో ఈ చేపలు మరింత ఉత్సాహము చూపునని పెంపకందారులు చెప్పుదురు.

కోరిడోరాస్ దాంపత్యము ఒక వింత. ఆడది మగదాని పొట్టకు నోరు ఆనించి, ఇంగ్లీషు అక్షరమగు టీ ఆకారమున నిలిచి, అదే సమయమున తన పొట్టక్రింది రెక్కలను దోసిలిగా ముడిచి అందు రెండుమూడు గ్రుడ్లు విడుచును. పిమ్మట వానిని గాజుపలకకో ఆకునకో అంటించును. గ్రుడ్లకు బీజము ఎట్లు చేరుననునది చిరకాలము తెలియలేదు. 1995లో జపాను శాస్త్రజ్ఞులు రంగునీటితో పరీక్షించి, ఆడచేప బీజమును త్రాగివేయుననియు, అది జీర్ణము గాక కొన్ని క్షణములలో ప్రేగులగుండ సాగి బయటబడి దోసిలిలోని గ్రుడ్లను తాకుననియు నిరూపించిరి. ఇంతటి యుక్తితో సంతానమును పొందిన ఆ జంట, మరు గడియలో ఆ గ్రుడ్లనే తినబోవును! కావలి కాయు తండ్రి ఈ జాతిలో లేడు. పారునీటిలో ఆకులకంటించిన గ్రుడ్లకు ప్రవాహమే విసనకర్ర. ఆ ప్రవాహము మన తొట్టిలో లేదు. బ్రిసిల్‌నోస్ అట్లు కాదు; మగది గుహవంటి చోటనో, కొబ్బరిచిప్పలోనో, మట్టిగొట్టములోనో గ్రుడ్లముద్దను పెట్టించుకొని, ఆహారము మాని, తోకతో విసరుచు అయిదారు దినములు కాయును. దాని ముక్కుపై మొలచు మెత్తని కొమ్ములు పిల్లలను పోలియుండి, మంచి తండ్రియని ఆడచేపకు భ్రమ గొలుపునని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. తండ్రి యున్న గ్రుడ్లను మనము ముట్టకుండుటయే మేలు. మన శ్రమ అవసరమగునది కోరిడోరాస్ గ్రుడ్లకు, తండ్రిని పోగొట్టుకొనిన గ్రుడ్లకు.

గ్రుడ్డు పెట్టిన కొన్ని గంటలకు దాని పెంకు గట్టిపడును. అప్పుడు తడివ్రేలితో నెమ్మదిగా దొర్లించినచో అది గాజునుండి ఊడివచ్చును. వానిని తల్లిదండ్రులున్న తొట్టినీటితోనే నింపిన వేరొక చిన్నతొట్టిలో ఉంచవలెను. నల్లానీటిని నేరుగా పోయరాదు; అందలి క్లోరిన్ పెద్దచేపకే హానికరము, పిండమునకు మృత్యువు. వెడల్పైన బకెట్టులో ఒక దినము ఆరబెట్టినచో క్లోరిన్ చాలవరకు వెడలిపోవును. బోరునీటికి క్లోరిన్ బెడద లేదు గాని, భూగర్భమునుండి వచ్చుటచే అందు ప్రాణవాయువు తక్కువగాను, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగాను ఉండును. దానికిని ఒక దినము గాలి ఆడింపవలెను. ఇక ఎయిర్ పంపునుండి వచ్చు గాలిరాతిని గ్రుడ్లకు ప్రక్కగా, బుడగలు వానిని నేరుగా తాకకుండ, నీరు మాత్రము వానిమీదుగా నెమ్మదిగా సాగునట్లు అమర్చవలెను. తండ్రి తోకకు ఇదియే ప్రతినిధి. వానకాలమున మన పల్లెలలో కరెంటు ఎప్పుడు పోవునో చెప్పలేము. బ్యాటరీతో నడచు చిన్నపంపు యొకటి చేతనుంచుకొనని వాడు గ్రుడ్లను పొదిగింపబూనుట సాహసము.

గ్రుడ్లకు రెండవ శత్రువు బూజు. ఫలదీకరణము చెందని గ్రుడ్డు ఒక దినములో తెల్లబారి, దానిపై ప్రత్తివలె నూగు మొలచును. సాప్రొలెగ్నియా అను ఈ నీటిబూజు చచ్చిన గ్రుడ్డుపై పుట్టి, తన తంతువులను చాచి, ప్రక్కనున్న సజీవమైన గ్రుడ్లను కూడ చుట్టివేసి వాని ఊపిరిని బంధించును. తండ్రి చేప చచ్చిన గ్రుడ్లను నోటితో ఏరి పారవేయును. ఆ పని మనము డ్రాపరుతో, ఉదయము సాయంత్రము, విసుగులేక చేయవలెను. అన్ని మందులకంటె ఇదియే గొప్ప మందు. నీటిలో లీటరునకు ఒకటి రెండు మిల్లీగ్రాముల మెథిలీన్ బ్లూ కలుపుట సర్వత్ర వాడుకలో నున్నది. 1876లో వస్త్రముల రంగుగా పుట్టి, 1891లో మలేరియాపై ప్రయోగింపబడిన ఈ నీలిమందు చేపగ్రుడ్ల సేవలో స్థిరపడుట ఒక ముచ్చట. ఇది ఫిల్టరులోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపును కావున ప్రత్యేకమైన చిన్నతొట్టియందే వాడవలెను. మలకైట్ గ్రీన్ అను మరియొక రంగు ఇంతకంటె తీవ్రముగా బూజును చంపును గాని అది విషము; ఆహారపు చేపలలో దాని వాడుకను అనేక దేశములు నిషేధించినవి; పిల్లలు తిరుగు ఇంట దాని పేరెత్తకుండుటయే మంచిది. మందులు ఇష్టపడనివారు ఎండిన బాదం ఆకు నొకదానిని నీట వేయుదురు. అందలి వగరు నీటిని తేనీటి రంగునకు తెచ్చి బూజును కొంతవరకు అణచును. మన అడవులలోని మద్దిచెట్లు ఈ బాదమునకు దగ్గరి చుట్టములే.

రెండవనాడు భూతద్దమును గాజునకు ఆనించి చూచినవాడు తాను పడిన శ్రమనంతయు మరచును. పారదర్శకమైన పెంకు లోపల, పసుపుపచ్చని సొనను చుట్టుకొని ఒక దారమువంటి శరీరము. దాని ముందుకొనను రెండు నల్లని చుక్కలుగా కన్నులు. సొన అంచున క్షణమునకు రెండుమూడు పర్యాయములు ముడుచుకొను హృదయము. అందుండి వెలువడి సొనపై వలయములుగా ప్రాకు రక్తకణములు – ఇవన్నియు ప్రయోగశాల లేకయే కనబడును. మార్పు గ్రుడ్డునందు ఈ నాటకమంతయు 28 డిగ్రీల వేడిలో ఒక్క దినమున ముగియును; కోరిడోరాస్ గ్రుడ్డు మూడునుండి అయిదు దినములు తీసికొనును. సమయము సమీపించినపుడు పిండము తలభాగమునందలి సూక్ష్మగ్రంథులు ఒక రసమును స్రవించి, పెంకును లోపలినుండి కరగించి పలుచబరచును. పిమ్మట తోక దెబ్బలకు అది చిట్లును. కావున పిల్ల పెంకును పగులగొట్టుకొని వచ్చుననుట సగము నిజము, కరగించుకొని వచ్చుననుట మిగిలిన సగము. నీటిలో ప్రాణవాయువు తగ్గినచో పిండము గడువునకు ముందే ఈ రసమును విడిచి బయటబడుట చాలజాతులలో కలదు. తొందరగా పొదిగినవని సంతోషించుటకు పూర్వము ఎయిర్ పంపు ఆడుచున్నదో లేదో చూచుకొనవలెను.

బయటపడిన పిల్లకు నోరు పనిచేయదు. పొట్టక్రింద వ్రేలాడు సొనసంచియే దాని అన్నము. రెండుమూడు దినములలో అది తరిగిపోవువరకు ఏ ఆహారమును వేయరాదు. వేసినచో అది కుళ్లి అమ్మోనియాగా మారును. క్షారగుణము గల మన నీళ్లలో, వేడి దినములలో, ఆ అమ్మోనియా విషము రెట్టింపు తీవ్రతతో పనిచేయును. ఆకలిచే చచ్చిన చేపపిల్లలకంటె అతిభోజనపు మురికిచే చచ్చినవే ఎక్కువ. సొన కరగిన పిదప ఉప్పునీట ఒక దినములో పొదుగు ఆర్టీమియా అను చిరురొయ్యల పిల్లలను గాని, పలుచని గుడ్డతో వడకట్టిన చెరువునీటిలోని సూక్ష్మ ప్లవకజీవులను గాని, కొంచెము కొంచెముగా, దినమునకు మూడు నాలుగు మారులు ఇయ్యవలెను. చెరువునీటితోపాటు తూనీగ పిల్లపురుగులు రాకుండ చూచుకొనవలెను. వ్రేలిగోరంత పురుగు ఒక రాత్రిలో తొట్టిని ఖాళీచేయగలదు.

మార్పుపిల్లలను పెంచువారు మరియొక సంగతి తెలిసియుండవలెను. పుట్టిన పది పండ్రెండు దినములకు దాని శ్వాసాంగము పనిచేయనారంభించి, పిల్ల నీటిపైకి వచ్చి గాలి గ్రుక్కెడు మ్రింగి మరల అడుగునకు చేరును. ఆ దినములలో నీరు జానెడు మించి లోతుండరాదు. అంతకంటె లోతైనచో పైకి క్రిందికి ఈదుటయందే ఆ చిన్నప్రాణి బలము వ్యయమగును. శిఖము గుంటలో నీరు పలుచగా నుండుట మార్పుజాతికి ఏల హితమైనదో ఇప్పుడు బోధపడును. పెద్దవి చిన్నవానిని కొరుకుట ఈ జాతి నైజము. పరిమాణమునుబట్టి వేరుచేయుచుండనిచో చివరకు బలిసినవి నాలుగు మిగులును.

పెరిగిన పిల్లలను ఏమిచేయవలెననునది చివరి ప్రశ్న. అదియే పెద్ద ప్రశ్న. మన దేశీయ మార్పు నేడు అంతరించు ప్రమాదమునకు లోనైన జాతిగా అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారి పట్టికలో చేర్చబడినది. ఆఫ్రికానుండి వచ్చిన మార్పు దానికంటె బహుత్వరగా పెరిగి, దాని చోటును ఆక్రమించి, చెరువులోని తక్కిన చేపలను తినివేయుటచే 2000వ సంవత్సరమున భారతప్రభుత్వము దాని పెంపకమును నిషేధించినది. అయినను దొంగచాటుగ అది పెంచబడుచునే యున్నది. అక్వేరియమునుండి విడువబడిన సక్కర్ చేప మరియొక బెడద: తెలుగుదేశపు చెరువులలోను నదులలోను జాలరుల వలలను చింపుచు అది వ్యాపించినది. హైదరాబాదునందలి సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలో కరగియున్న జన్యుపదార్థమును బట్టి, చేపను పట్టకయే, దాని ఉనికిని కనిపెట్టు పద్ధతిని రూపొందించిరి. ఈ చేప మగది కూడ ఆదర్శప్రాయుడైన తండ్రియే. గట్టున పొడవైన బొరియ త్రవ్వి అందు గ్రుడ్లను కాయును. మట్టికట్టలతో నిలిచిన మన చెరువులకు అట్టి పితృవాత్సల్యము ఎంత ప్రమాదకరమో వేరుగ చెప్పనక్కరలేదు.

కావున పాఠకులకు ఒక మనవి. తొట్టిలో పొదిగిన పిల్లలు మీకు మించిపోయినచో తోటి పెంపకందారులకు ఇండు, కొనిన దుకాణమునకే మరల్చుడు, పాఠశాలలోని గాజుతొట్టికి దానము చేయుడు. మీ ఊరి చెరువులో గాని, కుంటలో గాని, వాగులో గాని వానిని ఎన్నడును విడువకుడు.